అటక మీది పెట్టెలు

మా అల్లుడికి ఫొటోల పిచ్చి. ఈ మాట రాశాక ఒక్క క్షణం ఆగాను. కాఫీ పిచ్చి, సినిమా పిచ్చి, క్రికెట్ పిచ్చి... ఎంత తేలిగ్గా వాడేస్తామో చూడండి. అదే నిజంగా ఇంట్లో ఎవరికైనా వచ్చినప్పుడు మాత్రం ఆ మాట నోట్లోంచి రాదు. "వాడికి ఒంట్లో బావుండటం లేదండీ" అని గొంతు తగ్గించి చెబుతాం.

అమ్మాయి వాళ్లుండేది న్యూజెర్సీలో, పార్సిపనీ అనే ఊళ్లో. మన వాళ్లు ఎక్కువే. ఇడ్లీ దొరుకుతుంది, గుడి ఉంది. దొరకనిది పొద్దుపోవడమే. బయట మంచు, లోపల హీటరు, వాళ్లిద్దరూ ఆఫీసు మీటింగుల్లో, మనవడు స్కూల్లో. ఆర్నెల్లు ఉండటానికి వెళ్లిన తల్లిదండ్రులందరికీ తెలిసిన బాధే ఇది. అలాంటి ఒక మధ్యాహ్నం, అల్లుడు లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పెద్ద బొమ్మల పుస్తకం ఒకటి సోఫా పక్కన కనబడితే ఒళ్లో పెట్టుకున్నాను. పేరు 'అసైలమ్'. క్రిస్టొఫర్ పేన్ అనే ఆయన తీసిన ఫొటోలు. ఆయన ఆర్కిటెక్చర్ చదువుకున్నాడట. ఆరేళ్లపాటు అమెరికా అంతా తిరిగి, మూతపడ్డ, మూతపడబోతున్న మానసిక వైద్యశాలలు డెబ్బై దాకా చూసి ఫొటోలు తీశాడు. పుస్తకం 2009లో వచ్చింది.

మొదట్లో బాగానే ఉంది. రాజమహళ్లలాంటి కట్టడాలు. పొడుగాటి నడవాలు, ఊడిపోతున్న రంగులు, కిటికీలోంచి పడే ఎండ. పేజీలు తిప్పుతున్నాను. ఒకచోట చెయ్యి ఆగిపోయింది. ఆ ఫొటోలో మనుషులు లేరు, మంచాలు లేవు. వరసగా వేలాడదీసిన పళ్లు తోముకునే బ్రష్షులు. ఒక్కోదానికి ఒక్కో పేరు చీటీ. న్యూయార్క్ రాష్ట్రంలో హడ్సన్ రివర్ స్టేట్ హాస్పిటల్ అనే చోట తీసిందట. మనుషులు పోయారు, భవనం పాడుబడింది, బ్రష్షులు మాత్రం ఎవరో వచ్చి తీసుకుంటారన్నట్టు అలాగే ఉన్నాయి.

నాకు మా బాబాయి గుర్తొచ్చాడు. ఆయన చివరి సామాన్లలో ఒక కోల్గేట్ పళ్లపొడి డబ్బా ఉంది. సగం వాడింది. అది నేనే తీసి పారేశాను.

ఆ కథకి తరవాత వస్తాను. ముందు ఈ భవనాల సంగతి చెప్పాలి. ఆ రోజు నుంచీ అల్లుణ్ణి అడిగి, వాడి కంప్యూటర్లో చూసి చాలానే తెలుసుకున్నాను.

ఇవన్నీ అసలు మంచి ఉద్దేశంతో కట్టినవే. ఫిలడెల్ఫియాలో థామస్ కిర్క్‌బ్రైడ్ అనే డాక్టరు ఉండేవాడు. మనసు చెదిరిన మనిషికి గాలీ వెలుతురూ పచ్చటి తోటా చేతికి కాస్త పనీ ఉంటే సగం జబ్బు నయమవుతుందని ఆయన నమ్మకం. అంటే భవనమే మందు. మధ్యలో పెద్ద భవనం, దానికి అటూ ఇటూ గబ్బిలం రెక్కల్లా వెనక్కి జరుగుతూ పోయే వార్డులు. ఏ వార్డు గాలికీ ఇంకో వార్డు అడ్డం రాకూడదు. ఇదంతా 1854లో పుస్తకంగా రాశాడు. ఒక్కో ఆసుపత్రిలో 250 మందికి మించి ఉండకూడదన్నాడు. అంతకుముందు ఇలాంటి వాళ్లని జైళ్లలో, అనాథశాలల్లో గొలుసులు వేసి ఉంచేవారు. డొరొతియా డిక్స్ అనే ఆవిడ ఊరూరా తిరిగి, ఆ ఘోరాలు రాసి, ప్రభుత్వాల చేత ఆసుపత్రులు కట్టించింది. పాడుబడిన గోడలు చూసి 'దయ్యాల కొంపలు' అని వీడియోలు తీసేవాళ్లకి ఈ సంగతి తెలుసో లేదో.

మరి ఎక్కడ చెడింది? ఇళ్లల్లో చెడింది. ఒక చోటంటూ ఏర్పడ్డాక జనం తెచ్చి వదిలేయడం మొదలుపెట్టారు. ముసలివాళ్లని, మూర్ఛ ఉన్నవాళ్లని, మొగుడి మాట వినని ఆడవాళ్లని కూడా. మా అమ్మాయి ఇంటికి కారులో పావుగంట దూరంలో గ్రేస్టోన్ పార్క్ అని ఒక ఆసుపత్రి ఉంది. 1876లో తెరిచారు. కొన్ని వందల మంది కోసం కట్టిన చోట 1953 నాటికి ఏడు వేల పైచిలుకు ఉన్నారు. వుడీ గత్రీ అనే పేరున్న జానపద గాయకుడు 1956 నుంచి అయిదేళ్లు అక్కడే ఉన్నాడు. ఆయనకి నిజానికి పిచ్చి లేదు, హంటింగ్టన్ అనే నరాల జబ్బు. అప్పటికింకా కుర్రాడైన బాబ్ డిలాన్ 1961లో ఆయన్ని వెతుక్కుంటూ వచ్చి కలిశాడు.

ఆ తరవాత మాత్రలు వచ్చాయి. 1954లో క్లోర్‌ప్రొమజీన్ అమెరికాలోకి వచ్చింది. మన దగ్గర లార్గాక్టిల్ అనేవారు. 1955లో అక్కడి ప్రభుత్వ మానసిక వైద్యశాలల్లో అయిదున్నర లక్షలకు పైగా మనుషులున్నారు. 1963లో కెన్నెడీ, వీళ్లని ఊళ్లలోనే, ఇంటికి దగ్గర్లోనే చూసుకునే కేంద్రాలు పెడతామని చట్టం మీద సంతకం చేశాడు. ఆసుపత్రులు ఖాళీ అయ్యాయి. ఊళ్లలో కేంద్రాలు మాత్రం అనుకున్నన్ని రాలేదు. బయటికొచ్చిన వాళ్లలో చాలామంది రోడ్డు మీద పడ్డారు, జైళ్లకు చేరారు. బయల్దేరిన చోటికే మళ్లీ వచ్చినట్టయింది.

ఈ పుస్తకంలో ఆలివర్ శాక్స్ అనే పేరున్న న్యూరాలజిస్టు ముందుమాట రాశాడు. ఆయన ఇలాంటి ఆసుపత్రిలో ఏళ్ల తరబడి పనిచేసినవాడు. ఇవి ఎంత పాడైపోయినా, కొంతమందికి ఇవే ఇల్లన్న సంగతి మరిచిపోకండి అంటాడు. ఇది చదివితే చాలామందికి నచ్చకపోవచ్చు. నేను మాత్రం కాదనలేను. ఎందుకో చెబుతాను.

మాది తుని దగ్గర పల్లెటూరు. నాన్నగారికి ఒక్కడే తమ్ముడు. బాబాయి బి.ఏ. ప్యాసై తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేసేవాడు. చేతిరాత ముత్యాల్లా ఉండేది. ఊళ్లో ఎవరికి అర్జీ కావాలన్నా మా అరుగు మీదికి వచ్చేవారు. నాకు ఎక్కాలు నేర్పింది ఆయనే. 1973లో, నాకు పద్నాలుగేళ్లప్పుడు, రాత్రిళ్లు నిద్రపోవడం మానేశాడు. ఆఫీసులో తన మీద ఎవరో రిపోర్టులు రాస్తున్నారనేవాడు. తరవాత అన్నంలో ఏదో కలుపుతున్నామన్నాడు. మామ్మ ముద్ద కలిపి ముందు తను తిని చూపిస్తే తప్ప తినేవాడు కాదు. తాయెత్తులు కట్టించారు, వేపమండలతో కొట్టించారు. ఒకాయన నాలిక మీద ఏదో బీజాక్షరం రాశాడు. ఒకరోజు అర్ధరాత్రి నూతిగట్టు మీద నిలబడ్డాడు. ఆ మర్నాడే నాన్నగారు రైలెక్కించి విశాఖపట్నం తీసుకెళ్లారు.

మా వైపు వాళ్లకి ఆ ప్రయాణం అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. "వీణ్ణి చినవాల్తేరు పంపించాలిరా" అని వేళాకోళమాడని వాళ్లుండరు. హైదరాబాదు వైపు అదే మాటకి ఎర్రగడ్డ అంటారు. మద్రాసులో పెరిగినవాళ్లు కీల్పాక్ అనేవారు. ఏ ప్రాంతం వాళ్లకి ఆ ప్రాంతపు పేరుంది. అక్కడ డాక్టర్లున్నారని, మందులున్నాయని, చాలామంది నయమై ఇంటికి వస్తారని ఆ వేళాకోళంలో ఎక్కడా ఉండదు.

బాబాయికి నయమైంది. అదే అసలు కథ.

1979లో, ఒక మధ్యాహ్నం పోస్టుమాను కార్డు తెచ్చాడు. నాన్నగారు పొలంలో ఉన్నారు. ఇంగ్లీషులో టైపు కొట్టి ఉంది. అప్పుడు బి.కాం. చదువుతున్నాను కాబట్టి అర్థమైంది. పేషెంటు బాగా కోలుకున్నారు, డిశ్చార్జికి తగినట్టు ఉన్నారు, మీ వాళ్లెవరైనా వచ్చి తీసుకెళ్లగలరు అని. ఆ ఆదివారమే అక్కని చూసుకోవడానికి కాకినాడ నుంచి పెళ్లివారు రాబోతున్నారు. మూడో సంబంధం. మొదటి రెండూ ఎందుకు తప్పిపోయాయో ఎవరూ పైకి అనలేదు కానీ అందరికీ తెలుసు. ఈసారి "మా మరిది భిలాయి స్టీల్ ప్లాంటులో చేస్తున్నాడండీ, సెలవు దొరకలేదు" అని చెప్పడానికి అమ్మ సిద్ధంగా ఉంది.

నేను ఆ కార్డు రెండుసార్లు చదివాను. ఎవరికీ చూపించలేదు. వంటింటి వెనక చూరులో, తాటాకుల మధ్య దోపేశాను. పెళ్లయ్యాక తీసి నాన్నగారికి ఇద్దాం అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

పెళ్లయింది. శుభలేఖలో బాబాయి పేరు వేయలేదు. తరవాత ఇంకో రెండు కార్డులు వచ్చాయని నాకు తెలుసు, అవి నాన్నగారి చేతికే వచ్చాయి. ఆయన చదివి, మడిచి, లాల్చీ జేబులో పెట్టుకుని పొలానికి వెళ్లిపోయారు. ఆయన్ని చెడ్డవాడని అనుకోకండి. ప్రతి నెలా మొదటి వారంలో మనియార్డరు పంపేవారు, ఒక్క నెల తప్పలేదు. డబ్బు పంపడం తేలిక. పక్కన కూర్చోబెట్టుకుని బంతిలో భోజనం పెట్టడమే కష్టం.

1982లో నాకు బ్యాంకు ఉద్యోగం వచ్చి అనకాపల్లిలో వేశారు. ఒక సెలవు రోజున తాపేశ్వరం కాజాలు పొట్లం కట్టించుకుని విశాఖ బస్సెక్కాను. తొమ్మిదేళ్ల తరవాత చూడటం. బాబాయి తోటపనిలో ఉన్నాడు. జుట్టు పొట్టిగా కత్తిరించి ఉంది, మందుల వల్లనేమో చేతులు కాస్త వణుకుతున్నాయి. నన్ను చూడగానే గుర్తుపట్టాడు. "ఏరా, పదమూడో ఎక్కం వచ్చిందా?" అన్నాడు. అంత తేటగా ఉన్నాడు మనిషి. అక్కడి వార్డుబాయ్ "మా ఆఫీసు కాగితాలు కూడా ఈయనే రాసిపెడతారండీ" అని గొప్పగా చెప్పాడు.

మామ్మ కంటికి ఆపరేషన్ చేయించారా అని అడిగాడు. మామ్మ పోయి రెండేళ్లయింది. చెప్పాను. చాలాసేపు మట్టి వైపే చూశాడు. "కర్మ అన్నయ్యే చేశాడా?" అన్నాడు. అవునన్నాను. ఇంకేమీ అడగలేదు. తరవాత తనే, "అక్క పెళ్లయిందా?" అన్నాడు.

"అయింది బాబాయి. మూడేళ్లయింది."

తల ఊపాడు. ఆ వణికే వేళ్లు ఒక్కొక్కటే మడుస్తూ, నాతో కాదు, తనలో తనే అన్నాడు: "ఇక నీది. ఆ తరవాత చిన్నదానిది."

కోపంగా అనలేదు. వెటకారంగా అనలేదు. పదో తరగతి పిల్లాడు సెలవులకి ఎన్ని రోజులుందో లెక్కపెట్టుకున్నట్టు అన్నాడు. తను ఎందుకు అక్కడున్నాడో, ఎప్పటిదాకా ఉండాలో ఎవరూ చెప్పకుండానే ఆయనకి తెలుసు. నేను కాజాల పొట్లం చేతికిచ్చి, మళ్లీ వస్తానని చెప్పి వచ్చేశాను. అనకాపల్లి నుంచి విశాఖకి బస్సులో ఎంతసేపో మీకు తెలుసు. ఇంకో మూడేళ్లు నేను అక్కడే పనిచేశాను. మళ్లీ వెళ్లలేదు.

1985లో నా పెళ్లి. 1986లో జ్వరం వచ్చి బాబాయి పోయాడని టెలిగ్రాం వచ్చింది. లెక్కలో రెండోదాకా వచ్చాడు, చెల్లెలి పెళ్లి దాకా ఆగలేకపోయాడు. ఆయన సామాన్లు ఒక రెక్సిన్ సంచీలో ఇచ్చారు. రెండు చొక్కాలు, కళ్లజోడు, దువ్వెన, ఆ పళ్లపొడి డబ్బా. ఉత్తరాలేవైనా ఉంటాయేమోనని వెతికాను. లేవు. మేం రాస్తేగా.

మళ్లీ అమెరికా ఫొటోల దగ్గరికి వస్తాను. పేన్ పుస్తకం చూశాక అల్లుడు ఇంకోటి చూపించాడు. న్యూయార్క్ రాష్ట్రంలో సెనెకా సరస్సు ఒడ్డున విల్లర్డ్ అని ఒక ఆసుపత్రి ఉండేది. 1869లో తెరిచి 1995లో మూసేశారు. మూసేటప్పుడు అటక మీద నాలుగు వందలకు పైగా సూట్‌కేసులు దొరికాయి. ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడు రోగులు సర్దుకు తెచ్చుకున్న పెట్టెలవి. కొన్ని రోజులుండి వెళ్లిపోతాం అనుకున్న మనిషి సర్దుకున్నట్టే ఉన్నాయి. బట్టలు, ఫొటోలు, ఉత్తరాలు, కుట్టుపని సామాన్లు. చాలామంది ముప్ఫై, నలభై ఏళ్లు అక్కడే ఉండి అక్కడే పోయారు. ఆసుపత్రి శ్మశానంలో అయిదు వేలకు పైగా సమాధులు, వాటి మీద పేర్లుండవు, నంబర్లే. ఆ పెట్టెల్ని జాన్ క్రిస్పిన్ అనే ఫొటోగ్రాఫరు ఒక్కొక్కటీ తెరిచి, సామాన్లు పేర్చి ఫొటోలు తీశాడు. అయితే రోగుల పూర్తి పేర్లు బయట పెట్టడానికి అక్కడి ప్రభుత్వం ఒప్పుకోలేదు. చనిపోయి ఎన్నో ఏళ్లయినా సరే, రోగి వివరాలు రహస్యమేనట. అందుకని ఇంటిపేరు కనబడకుండా చూపించాల్సి వచ్చింది.

"ఇదేం రూలు నాన్నా! వాళ్ల పరువు కాపాడుతున్నారా, వాళ్ల పిల్లల పరువు కాపాడుతున్నారా?" అంది అమ్మాయి.

నేనేం మాట్లాడలేదు.

ఒరెగాన్ రాష్ట్రంలో ఇంకో రకం. అక్కడి ఆసుపత్రిలో చనిపోయి ఎవరూ తీసుకెళ్లని వాళ్ల చితాభస్మం రాగి డబ్బాల్లో మూడు వేల అయిదు వందల దాకా ఉండిపోయింది. వాళ్లు మాత్రం పేర్లు బయటపెట్టారు. ఆ జాబితా చూసి, వందేళ్ల తరవాత కూడా మునిమనవలు వచ్చి తమ వాళ్లని తీసుకెళ్తున్నారట.

ఒక ఆదివారం మంచు కాస్త కరిగాక గ్రేస్టోన్ చూద్దామన్నాను. అల్లుడు కెమెరా తీసుకుని బయల్దేరాడు కానీ తీయడానికి ఏమీ లేదు. ఆ పాత పెద్ద భవనాన్ని 2015లో పడగొట్టేశారు. ఉంచమని ఊరివాళ్లు చాలా పోరాడారట. దగ్గర్లో కొత్త ఆసుపత్రి నడుస్తోంది. పాత స్థలంలో చాలా భాగం ఇప్పుడు పార్కు. మనవడు మిగిలిన మంచుని బంతులు చేసి విసురుతున్నాడు. "ఇక్కడ ఎవరుండేవారు తాతా?" అన్నాడు. "ఒంట్లో బాగా లేనివాళ్లు" అన్నాను. చూశారా, మళ్లీ అదే మాట.

తిరిగొచ్చేటప్పుడు కారులో మా అమ్మాయికి బాబాయి సంగతి మొత్తం చెప్పాను. ముప్ఫై ఏడేళ్ల పిల్ల, తనకి ఇంకో తాత ఉన్నాడని అప్పుడే తెలిసింది. చాలాసేపు మాట్లాడలేదు. ఇంటికొచ్చాక "ఇది రాయండి నాన్నా. ఆయన పేరు పెట్టి రాయండి" అంది. మన దేశంలో 2017లో వచ్చిన చట్టం గురించి కూడా తనే చదివి చెప్పింది. ఇంట్లోవాళ్లు వద్దన్నారనో, ఇల్లు లేదనో ఒక మనిషిని ఆసుపత్రిలోనే ఉంచేయకూడదట. చట్టంలో ఆ వాక్యం పెట్టవలసి వచ్చిందంటే, మా బాబాయిలు ఎంతమంది ఉండి ఉండాలి!

మా ఆసుపత్రులు పాడుబడలేదు. అవి ఇప్పటికీ నడుస్తున్నాయి, పొద్దున్నే ఓ.పీ. దగ్గర జనం ఉంటారు. అందుకే మనకి ఇలాంటి ఫొటోల పుస్తకం రాదు. మేం పాడుబెట్టింది ఆసుపత్రిని కాదు.

రాయడం మొదలుపెట్టాక అక్కకి ఫోన్ చేశాను. కాకినాడలో అప్పుడు తెల్లవారుజాము, తను పూజకి పూలు కోసుకుంటోంది. ఇన్నేళ్లకి మొదటిసారి ఆ కార్డు సంగతి చెప్పాను. చూరులో దాచానక్కా, నీ పెళ్లి కోసమే అన్నాను. నా గొంతు నాకే బావులేదు.

"నాకు తెలుసురా" అంది. "పెళ్లికి ముందు చూరు దులుపుతుంటే దొరికింది. చదివి మళ్లీ అక్కడే పెట్టేశాను."

ఇద్దరం కాసేపు ఊరుకున్నాం. ఫోన్లో కాకులు అరుస్తున్నాయి.

"రాస్తే రాయి గానీ" అంది చివరికి, "పేరు మాత్రం పెట్టకురా. మనవరాలికి సంబంధాలు చూస్తున్నాం. డల్లాసు అబ్బాయి, వాళ్లు అన్నీ నెట్‌లో వెతుకుతారు."

అప్పటికి ఇందులో రెండు చోట్ల ఆయన పేరు రాసి ఉంది. ఫోన్ పెట్టేశాక రెండూ కొట్టేశాను.